ఎవరికో చెప్పాల్సిన క్షమాపణ

కోవిడ్ రావడానికి ముందటి సెప్టెంబరులో నన్ను అమెరికాలోని పాత పట్టణాల టూరుకు మేనేజరుగా వేశారు. విశాఖపట్నంలోని ఒక ట్రావెల్ సంస్థలో అప్పటికి నేను సీనియర్ టూర్ మేనేజర్‌ని. పదవీ విరమణ దగ్గర పడింది. ఈ ఉద్యోగం గురించి తెలియనివారు మమ్మల్ని గైడ్లు అంటారు. గైడు ఊరిని చూపించేవాడు. మేనేజరు మనుషుల్ని చూసుకునేవాడు. గ్రూపుతో పాటు విమానం ఎక్కి, మళ్లీ ఆ గ్రూపును ఇంటి దారి పట్టించేదాకా ఎవరికి షుగరు మాత్ర గుర్తుచేయాలి, ఎవరు ఉల్లిపాయ తినరు, ఎవరి గురక ఎవరు భరించలేరు అన్నవన్నీ ఆయన తలనొప్పులే.

అమెరికా గ్రూపు అంటే సాధారణంగా న్యూయార్క్, వాషింగ్టన్, నయాగరా. ఈ గ్రూపు అలాంటిది కాదు. అనకాపల్లిలోనూ చుట్టుపక్కల ఊళ్లలోనూ ఉన్న రిటైర్డ్ టీచర్లు, బెల్లం వర్తకులు, చెరకు రైతులు కలిసి మొత్తం ఇరవై ఆరుగురు. వారిని కూడగట్టింది సూర్యనారాయణ మాస్టారు. సోషల్ చెప్పి హెడ్మాస్టరుగా రిటైరైన మనిషి. నయాగరా ఎవరైనా ఫోటోలో చూసుకోవచ్చని, ఆ దేశం ఎలా పుట్టిందో చిన్న చిన్న పాత ఊళ్లలోనే తెలుస్తుందని మా ఆఫీసుకు వచ్చి వాదించి, పటం ముందు పెట్టుకుని తానే ఊళ్లు ఎంచారు. చివర్లో ఆడవాళ్ల ఒత్తిడి మీద నయాగరా కూడా పెట్టించారు.

మొదటి రెండు రోజులు బాగానే గడిచాయి. మూడో ఊరికి వచ్చేసరికి గ్రూపులో సగం మంది ఇది నిన్న చూసిన ఊరే అనుకున్నారు. వారి తప్పు కాదు. ప్రతి ఊరికీ మధ్యలో ఎర్ర ఇటుకల కోర్టు, దాని మీద గడియారం, చుట్టూ పచ్చిక, ఒక ఫిరంగి, ఎదురుగా తెల్ల చర్చి. నూటయాభై ఏళ్ల ఇంటికి తాడు కట్టి టికెట్టు పెట్టారు. ఒక బెల్లం వర్తకుడు ఆ ఇంట్లో నిలబడి నన్ను పక్కకు పిలిచి అడిగాడు. "ఏటండీ ఇది, మా తాత కొట్టు ఇంతకంటే పాతది. పక్కనే బొజ్జన్నకొండ మీద బౌద్ధుల గుహలున్నాయి, అవి వెయ్యేళ్ల పైనాటివి. అక్కడ మేకలు మేపుతారు. ఇక్కడ మంచం కూడా ముట్టుకోనివ్వరేటి?"

మాస్టారు అప్ప అని పిలిచే అక్క పైడితల్లమ్మ గారు కూడా ఆ గ్రూపులో ఉన్నారు. అరవై అయిదు దాటిన మనిషి, భర్త లేరు, చదువు లేదు. బస్సులో కిటికీ పక్క సీటు అడిగి కూర్చుని రోజంతా పొలాలే చూసేవారు. "వీళ్ల సేలకి గట్లు లేవేటి బాబూ? ఎవులిది ఎక్కడిదాకో ఎలా తెలుత్తాది?" అని అడిగారు ఒకసారి. ఆ మాట మీదే ఆమె తన భూమి గురించి చెప్పారు. ఆమె ఊరు సముద్రం వైపు. జీడితోట, కొంత పల్లపు పొలం. ఫ్యాక్టరీల కోసం ఊరు ఊరంతా ఖాళీ చేయించినప్పుడు పరిహారం ఇచ్చి, కాలనీలో ఇంటిస్థలం చూపించారు. ముందు ఆమె ఒప్పుకోలేదు. తమ్ముడు చెబితే వేలిముద్ర వేశారు. "సదువుకున్నోడు కదాని ఏలేసేను," అన్నారు. మాస్టారు రెండు సీట్ల ముందు కూర్చుని ఉన్నారు. విన్నారో లేదో తెలియదు, వెనక్కి మాత్రం తిరగలేదు.

నాలుగో ఊరు ఒహాయో రాష్ట్రంలో, ఒక నది ఒడ్డున ఉంది. ఊరి పేరు రాయను. అందరికీ అందరూ తెలిసినంత చిన్న ఊరు. ఇలాంటి చోట్ల మాకు స్టెప్ ఆన్ గైడ్ ఉంటాడు. అంటే ఊళ్లో మమ్మల్ని కలుసుకుని, ఊరు చూపించి దిగిపోయే స్థానికుడు. కోర్టు ముందు కలుస్తాడని ఏర్పాట్లు రాసిన కాగితంలో, అంటే నా వోచర్‌లో ఉంది. బస్సు ఆగేసరికి పచ్చిక మీద షామియానా, కుర్చీలు, బ్యాండు, రెండొందల మంది జనం. ముదురాకుపచ్చ కోటు వేసుకున్న ఒక నడివయసు మహిళ వాకీటాకీతో పరుగున వచ్చింది. "మీరు ఇండియన్ నేషన్ నుంచి వచ్చిన అతిథులేనా? మీకోసమే చూస్తున్నాం" అంది.

ఇండియన్ నేషన్ అన్న మాట నా చెవికి భారతదేశం అనే వినపడింది. అవును అన్నాను. గైడు తరఫు మనిషి అనుకున్నాను. ఆమె మా ఆడవారి చీరలు చూసి, మీ సంప్రదాయ దుస్తుల్లో రావడం మాకెంతో గౌరవం అంది. రిబ్బను కట్టి ఉంచిన ముందు రెండు వరుసల్లో మమ్మల్ని కూర్చోబెట్టి, అందరి చేతుల్లో నిమ్మరసం గ్లాసులు పెట్టించింది. ఈ మర్యాద వోచర్‌లో లేదు. అమెరికాలో మా తరఫున ఏర్పాట్లు చూసే ఏజెంటు ఏదో అదనంగా ఇప్పించాడేమో అనుకున్నాను. మాస్టారి ముఖం వెలిగిపోయింది. "సూసేరా, చిన్న ఊళ్ల మర్యాద! న్యూయార్క్‌లో ఎవడైనా కూకోమన్నాడా?" అని గ్రూపు వైపు తిరిగి అన్నారు.

ఇక్కడ మా పనిముట్టు ఒకటి చెప్పాలి. దాన్ని విస్పర్ సెట్ అంటారు. మేనేజరు మెడలో చిన్న మైకు ఉంటుంది, గ్రూపులో ప్రతి ఒక్కరి చెవిలో ఒక రిసీవరు. ఇంగ్లీషులో ఎవరైనా మాట్లాడుతుంటే మేము వెంటనే మెల్లగా తెలుగులో చెబుతూ పోతాం. అలవాటైనవాడికి అది ఆలోచించి చేసే పని కాదు. వాక్యం చెవిలో పడుతుంది, నోటి నుంచి తెలుగై వెళ్లిపోతుంది. అర్థం మనకు ఆ తర్వాత తెలుస్తుంది.

పిల్లలు పాట పాడారు. మేయరు లేచాడు. బట్టతల, పెద్ద శరీరం, కొత్తగా ఎన్నికైనవాడట. కాగితం విప్పి మా వరుసల వైపు చూశాడు. చీరలు, అడ్డబొట్లు, బెల్లం వర్తకుడి తెల్లపంచె చూసి ఒక క్షణం ఆగాడు. కోటు మహిళ వైపు చూశాడు. ఆమె నమ్మకంగా తలూపింది. ఆయన చదవడం మొదలుపెట్టాడు. తర్వాత ఆలోచిస్తే అక్కడ అందరం ఒకే పని చేశామనిపించింది. ఏదో తేడాగా ఉందని ప్రతివాడికీ అనిపించింది, ఎదుటివాడికి తెలిసే ఉంటుందని ప్రతివాడూ ఊరుకున్నాడు.

"ఈ రోజు మన ముందున్న అతిథులకు ఈ ఊరు కొత్త కాదు. మా తాతలు రాకముందు ఈ నది ఒడ్డున మీ తాతలు పంటలు పండించుకున్నారు," అని ఆయన అన్నది అన్నట్టు చెవుల్లో వేశాను. బెల్లం వర్తకుడు నా వైపు అయోమయంగా తిరిగి చూశాడు. ఏదో అలంకారమై ఉంటుందని సర్దుకుని కొనసాగించాను. "మీ భూమిని మేము తీసుకున్నాం. మీకు పూర్తిగా తెలియని కాగితాల మీద గుర్తులు పెట్టించుకుని తీసుకున్నాం. మిమ్మల్ని ఊళ్లు ఖాళీ చేయించి దూరంగా పంపేశాం. అందుకు ఈ ఊరి తరఫున మీకు క్షమాపణ చెబుతున్నాను."

ఈ వాక్యం తెలుగులో పూర్తయ్యాక నాకు విషయం తట్టింది. ఆయన మాట్లాడుతున్నది మాతో కాదు. మేము చిన్నప్పుడు రెడ్ ఇండియన్లు అని చదువుకున్న ఆ మూలవాసులతో. వారి తెగల్లో కొన్నిటి పేర్లలోనే ఇండియన్ నేషన్ అన్న మాట ఉంటుందని నాకు అప్పటికి తెలియదు. ఒకప్పుడు ఈ ఊరి నుంచి పశ్చిమానికి వెళ్లగొట్టిన ఒక తెగవారిని పిలిచి, వారి పేరిట రాయి నిలబెట్టే సభ అది. మేము వారి కుర్చీల్లో కూర్చున్నాం.

వెంటనే మైకులో, ఇది మనకు కాదని, ఏదో పొరపాటు జరిగిందని, ఎవరూ కదలకుండా కూర్చోమని చెప్పాను. ఇరవై అయిదుగురు విన్నారు. పైడితల్లమ్మ గారు వినలేదు. కళ్లు తుడుచుకోవడానికి కళ్లజోడు తీస్తూ చెవిలోది కూడా లాగేశారు.

ఆమె లేచి నిలబడ్డారు.

అతిథుల్లో ఒక పెద్దావిడ లేచిందని వెనకున్న ఊరంతా లేచి నిలబడింది. మాస్టారు కొంగు పట్టి లాగుతున్నారు. "అప్పా, కూకో. మనకి కాదు. కూకోవే!" ఆమె కొంగు విదిలించుకున్నారు. మేయరు మైకు చేత్తో పట్టుకునే వేదిక దిగి వచ్చాడు. ఆమె ఆయన చేతిని రెండు చేతులా పట్టుకున్నారు.

"ఇన్నాళ్లకి ఒకడివి సెప్పేవు బాబూ. ఎవులూ సెప్పలేదు. కాయితాలట్టుకొచ్చినోళ్లు సెప్పలేదు, కారుల్లో వచ్చినోళ్లు సెప్పలేదు. మంచోడివి. మరి బూమెప్పుడిత్తావు?"

ఆమె అలా అనుకోవడంలో వింత లేదు. ఆమె తోట ఉన్నచోట ఇప్పుడు గోడ ఉంది, గోడ మీద బోర్డు ఇంగ్లీషులో ఉంది. అక్కడ తయారయ్యే సరుకు అమెరికా పోతుందని కంపెనీ బస్సులో పనికి వెళ్లే పిల్లలు ఆమెకు చెప్పారు. అమెరికాలో ఒక పెద్దమనిషి లేచి, భూమి తీసుకున్నాం, తప్పయింది అంటే, ఇంకెవరి భూమి అనుకుంటారు?

మేయరు నా వైపు చూశాడు. నేను ఇంగ్లీషులో, మేము భారతదేశం నుంచి వచ్చిన పర్యాటకులమని, పొరపాటున ఈ కుర్చీల్లోకి వచ్చామని చెప్పాను. ఆయన చేతిలోని మైకు ఆ మాటలు ఊరంతటికీ వినిపించింది. ఎవరో నవ్వబోయి ఆపుకున్నారు. మేయరు మెడ దాకా ఎర్రబడ్డాడు. కోటు మహిళ వాకీటాకీని గుండెకు అదుముకుని నిలబడిపోయింది.

అప్పుడు వెనక నుంచి ఒక ఆడగొంతు వినబడింది. "అదంతా సరే. ఆ అమ్మ ఏమడిగిందో చెప్పండి."

తిరిగి చూశాను. కోర్టు ప్రహరీ దగ్గర పదిమంది దాకా నిలబడి ఉన్నారు. ఈకలూ పూసలూ ఏమీ లేవు. జీన్సులు, మామూలు చొక్కాలు. మాట్లాడింది నెరిసిన జడ, నల్లకళ్లజోడు ఉన్న ఒక పెద్దావిడ. అసలు అతిథులు వారే. ఉపన్యాసం మధ్యలో వచ్చి అక్కడే నిలబడిపోయారు.

మా వృత్తిలో దుబాసీకి ఉన్న నియమం ఒకటే. అన్నది చెప్పాలి, అననిది చెప్పకూడదు. ఆమె మీకు కృతజ్ఞతలు చెబుతోంది అనేస్తే ఆ పూట గడిచిపోయేది. ఆ మాట నోటి చివరిదాకా వచ్చింది కూడా. అయితే అడిగింది మేయరు కాదు, ఆవిడ. "భూమి ఎప్పుడు తిరిగి ఇస్తారని అడుగుతోంది," అన్నాను.

ప్రహరీ దగ్గరి పెద్దావిడ పెద్దగా, పొట్ట పట్టుకుని నవ్వింది. వారివాళ్లు కూడా నవ్వారు. ఆమె మా వరుసలోకి నడిచి వచ్చింది. తమ పేరు మీద కూర్చున్నవాళ్లెవరో చూద్దామని నిలబడ్డామని, తాము మర్యాద అడ్డొచ్చి అడగని మాట ఈమె అడిగేసిందని నాతో అంది. మేము లేవబోతే వద్దంది. పైడితల్లమ్మ గారి పక్క కుర్చీలో కూర్చుని, మేయరుతో, మేము సగం నుంచే విన్నాం, మళ్లీ మొదటి నుంచి చదవండి అంది.

కోటు మహిళ ఎక్కణ్నుంచో ఇంకొన్ని కుర్చీలు తెప్పించింది. ఆ సందట్లో నేను పైడితల్లమ్మ గారి దగ్గర కూర్చుని జరిగింది నెమ్మదిగా వివరించాను.

"అయితే మన బూమి గురించి కాదా?"

"కాదమ్మా. ఈవిడ వాళ్లది."

"మరి ఈ కుర్సీ ఈవిడది కదా," అని లేవబోయారు. ఆ పెద్దావిడకు భాష తెలియకపోయినా సంగతి తెలిసింది. మణికట్టు పట్టుకుని కూర్చోబెట్టింది. నేను మైకు సర్దుకుంటుంటే పైడితల్లమ్మ గారు చెయ్యి అడ్డం పెట్టారు. "నాకొద్దు బాబూ. ఒకపాలి విన్నాను కదా."

మేయరు అదే కాగితాన్ని మళ్లీ చదివాడు. చదివాక పెద్దావిడను మాట్లాడమన్నారు. ఆమె కూర్చున్న చోటు నుంచే, ఈ అమ్మ అడిగినదానికి జవాబు విన్నాక మాట్లాడతానంది. మేయరు కాగితం తిరగేసి చూశాడు, అక్కడ ఏదైనా రాసి ఉంటుందేమో అన్నట్టు. తన దగ్గర జవాబు లేదన్నాడు. అయితే నేనూ ఏమీ మాట్లాడనంది ఆమె. కోపంగా కాదు, మామూలుగానే. రాయి మీది గుడ్డ తీశారు. కొందరు చప్పట్లు కొట్టారు, కొందరు కొట్టాలో వద్దో తెలియక పక్కవారిని చూశారు. మేమూ ఆ రెండో రకమే. మా అసలు గైడు, పాపం, ముందు జనం నిండిపోయారని కోర్టు వెనక్కి జరిగి మా గ్రూపు పేరు రాసిన బోర్డు పట్టుకుని అప్పటిదాకా నిలబడే ఉన్నాడు. ఊరు చూడటానికి ఎవరికీ మనసు లేదు. ఆయనకు క్షమాపణ చెప్పి బస్సెక్కాం.

బస్సు హైవే ఎక్కాక మాస్టారు నా సీటు దగ్గరకు వచ్చారు. అంత కోపంగా ఆయన్ని చూడలేదు. "మీరు ట్రాన్స్‌లేషన్ ఆపేసి ఉంటే మా అప్ప నలుగురిలో నవ్వులపాలయ్యేది కాదు. చదువులేని మనిషిని నిలబెట్టి ఆడించేరు మీరు."

నేను మాట్లాడేలోగా కిటికీ పక్క నుంచి పైడితల్లమ్మ గారు అన్నారు. "నన్నెవులూ నవ్వలేదురా. ఆ తల్లి నాతో నవ్వింది. అది వేరు." కిటికీ నుంచి ముఖం తిప్పకుండానే మళ్లీ అన్నారు. "ఆ తెల్లాయన ఎవులికో సెప్పాల్సిన మాట తెలీక నాకు సెప్పేసేడు. నాకు సెప్పాల్సినోడు తెలిసీ సెప్పలేదు."

బస్సులో తెలుగు అర్థం కానిది డ్రైవరు ఒక్కడికే. మాస్టారు సీటు కమ్మీ పట్టుకుని నిలబడ్డారు. "నాదీ పోయింది కదప్పా. నేనూ సంతకం పెట్టేను కదా."

"నీకు ఉజ్జోగం ఉండీది. నాకా నేలే ఉండీది."

ఆయన వెళ్లి తన సీట్లో కూర్చున్నారు. మిగిలిన ఊళ్లలో ఆయన చరిత్ర పాఠాలు చెప్పలేదు. అక్కాతమ్ముళ్లు వేరువేరు బల్లల దగ్గర తిన్నారు. నయాగరా దగ్గర ఆమె రెయిలింగు పట్టుకుని చాలాసేపు నిలబడి, ఇంత నీరు ఎవరికీ పారకుండా పోతోందేమిటని అడిగారు. ఈ ప్రశ్నను ఇంగ్లీషులో చెప్పడానికి అక్కడ అడిగేవారెవరూ లేరు.

తిరిగి వచ్చాక మాస్టారు మా సంస్థకు నా మీద ఫిర్యాదు రాశారు. మేనేజరు ధ్రువీకరించుకోకుండా గ్రూపును ప్రైవేటు సభకు తీసుకెళ్లారని, ఒక వృద్ధురాలి అమాయకత్వాన్ని బహిరంగంగా బయటపెట్టారని అందులో ఉంది. మొదటి భాగం నిజమే. ఆపరేషన్స్ మేనేజరు విచారణ చేశాడు. నియమం ప్రకారం ప్రయాణికుల వాంగ్మూలం తీసుకోవాలి కనుక పైడితల్లమ్మ గారికి నా ఎదుటే స్పీకరులో ఫోన్ చేశాడు. "మేనేజరు బాబు తప్పేటీ లేదు. ఆయన ఇన్నది సెప్పేడు, నేనడిగిందీ సెప్పేడు. జవాబే రాలేదు. అది మీరేటైనా కనుక్కుంటారా?" అని ఆమె అడిగారు. ఆపరేషన్స్ మేనేజరు సరేనమ్మా, కనుక్కుంటామని చెప్పి ఫోన్ పెట్టేశాడు. ఏం కనుక్కోవాలని తర్వాత నన్ను అడిగాడు. ఫైలు మూసేశారు.

నేను రిటైరై అనకాపల్లిలో స్థిరపడిన తర్వాత, ఆమె ఒకసారి కళ్ల డాక్టరు దగ్గర కనిపించారు. కంట్లో చుక్కలు వేయించుకుని కళ్లు మూసుకుని బెంచీ మీద కూర్చుని ఉన్నారు. గొంతు బట్టి నన్ను గుర్తుపట్టారు. తమ్ముడు ఎలా ఉన్నారని అడిగాను.

"మొన్న ఇంటికొచ్చి సెప్పేడు బాబూ. తప్పయిపోయిందప్పా, నాకు తెలీక నిన్ను ఏలేయించేను అని. ఏడుత్తా సెప్పేడు, సగం మాటలు తెలీలేదు." ఆమె కళ్లు తెరవకుండానే చేతులు ఒళ్లో తిప్పుకున్నారు. "ఇన్నాళ్లూ ఆడు సెప్పాలనే ఉంది నాకు. సెప్పేడు. అన్నం పెట్టేను, తిన్నాడు, ఎళ్లిపోయేడు. ఇప్పుడు ఆ మాటతో నేనేటి సెయ్యాలో నాకు తెలీడం లేదు. నువ్వు దేశాలు తిరిగినోడివి, నీకేటైనా తెలుసా?"

తెలియదని చెప్పాను. ఈలోపు నర్సు ఆమె పేరు పిలిచింది.

ఈ ఉద్యోగంలోకి కొత్తగా వచ్చేవారికి ఆ సంఘటన నుంచి నేను చెప్పగలిగినవి రెండు. ఎవరైనా మీకోసమే చూస్తున్నాం అంటే, వారు చూస్తున్నది ఎవరికోసమో వారి నోటితో పేరు చెప్పించుకోవాలి. మన గ్రూపు పేరు మనం ముందుగా చెప్పకూడదు. ఆ తర్వాత మా సంస్థలో ఇది నియమమైంది. రెండోది ఏ సంస్థ నియమావళిలోనూ లేదు. చెవిలో పడిన మాటను మైకు కట్టేసి వెనక్కి తీసుకోలేం. మాట ఎవరికోసం పుట్టిందన్నది చెప్పినవాడి లెక్క. విన్నవారు దాన్ని తమ లెక్క ప్రకారమే వింటారు.